మల్లేశం స్ఫటికానికి నా సంతకం

అక్టోబరు 11, శుక్రవారం

శ్రీమాన్ సాయితేజ గారు, బి.టెక్ (సివిల్), ఇరవై ఆరేళ్ళ ప్రాయంలో, అరబ్బు దేశంలో ఉనైజా పట్టణానికి ముప్పై ఏడు కిలోమీటర్ల దూరాన ఎండిన వాగు పక్కనున్న కంకర క్రషర్‌లో లాబ్ ఇన్‌ఛార్జి పదవిని అలంకరించి నేటికి పదమూడు నెలలు. ఈ శుభసందర్భంలో వారికి నడుంనొప్పి తప్ప మరే సన్మానమూ జరగలేదు. వారి కింద పనిచేసే సిబ్బంది: ఒక ఓవెన్, ఒక తూకం, పదకొండు జల్లెడలు.

సెలవు రోజయినా లాబ్‌కే వచ్చి కూర్చున్నాను. క్యాంపు గదిలో ఏసీ చప్పుడు చేస్తుంది. ఇక్కడి ఏసీ చల్లబరుస్తుంది కూడా. నిద్ర చాలడం లేదు. ఎంత పడుకున్నా చాలడం లేదు.

పదింటికి మల్లేశం వచ్చాడు. క్రషర్ మీద పై జల్లెడ దగ్గర అతని డ్యూటీ. కోరుట్ల దగ్గరి మనిషి, యాభై దాటాయి, ఈ దేశంలో ఇది పంతొమ్మిదో ఏడు. చేతిరుమాలు విప్పి నా టేబుల్ మీద పెట్టాడు.

"సారూ, గిదేం రాయి? బండ పలిగితే దాని కడుపుల ఉండె."

బొటనవేలంత ఉంది. ఆరు పలకలు, కొస పెన్సిల్ చెక్కినట్టు. నీళ్ళకంటే తేట. లోపల సన్నటి పగులు ఒకటుంది. కిటికీ వైపు తిప్పితే ఆ పగుల్లో ఇంద్రధనుస్సు ముక్క ఒకటి వెలిగి ఆరిపోయింది. బుగ్గకు ఆనిస్తే చల్లన. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు. లారీలనైనా నమిలేసే మా క్రషర్ దవడల మధ్య నుంచి ఒక్క గీత పడకుండా బయటికొచ్చిందట. నేనైతే అదే క్రషర్ పక్కన ఊరికే కూర్చుని అరిగిపోయాను.

"స్ఫటికం," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే మంచివాణ్ణి అయ్యేవాణ్ణి.

కానీ శుక్రవారం, పనిలేని పూట, ఎదురుగా చేతులు కట్టుకున్న శ్రోత. టీవీ ప్రవచనాల గొంతు దానంతట అదే వచ్చేసింది. "స్ఫటికానికి తనదంటూ రంగు లేదు నాయనా! ఎర్రమందారం పక్కన పెడితే ఎరుపు. తీసేస్తే మళ్ళీ తేట. ఆత్మ కూడా అంతే." ఇంతవరకూ పెద్దలు చెప్పినదే. ఆ తర్వాతది సొంత కవిత్వం. దీన్ని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళలో ఉంచి ఆ నీళ్ళు తాగితే రొమ్ములో వేడి చల్లారుతుందనీ, దగ్గు, ఆయాసం నిలవవనీ చెప్పాను. వింటున్నంతసేపూ అతను దగ్గుతున్నాడు కాబట్టి దగ్గే నోటికొచ్చింది. తక్కిన ప్రవచనం ఇక్కడ అనవసరం.

చివరికి రిపోర్టు కూడా రాశాను, కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో. శాంపిల్: స్ఫటికం. తెచ్చినవారు: మల్లేశం. రంగు: లేదు. ఆధ్యాత్మిక బలం: సంతృప్తికరం. ఔషధ గుణం: సంతృప్తికరం. సంతకం పెట్టి గుండ్రటి నీలం ముద్ర వేసి, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించాను. ఈ దేశంలో మనిషి మాట కంటే ముద్రే ముందు నడుస్తుంది.

మల్లేశం కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను నవ్వాను. అతనూ నవ్వాడు. ఇద్దరం ఒకే విషయానికి నవ్వుతున్నామనుకున్నాను.

అక్టోబరు 14

మల్లేశం నీళ్ళ సీసాలో స్ఫటికం. నడుస్తుంటే టింగుమంటోంది. పన్నెండింటికి మూతలో వంచుకుని, కళ్ళు మూసుకుని తాగుతున్నాడు. నవ్వొచ్చింది. కొంచెమే.

అక్టోబరు 17

మా వ్యాను డ్రైవరు మస్తాన్ వలీ లాబ్ గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. రాయచోటి మనిషి. ఎగతాళిలో నాకు గురువు.

"ఏం సామీ, ఆశ్రమం యాడ పెడతాండావు?"

"ఇంకా స్థలం చూడలేదు."

"మల్లేశం నీ కాయితానికి ప్లాస్టిక్ ఏయించినాడు. ఉనైజాకి నేనే తోడకపోయినా. ఇకామా పర్మిట్ కార్డు పక్కనే పెట్టుకున్యాడు, జోబీలో. నా మోకాలికి గూడా ఏదన్నా రాసియ్యి సామీ."

"అది జోకు వలీ భాయ్."

"జోకయితే ముద్రెందుకు ఏసినావు?"

"జోకు పూర్తి కావాలి కదా."

"అయ్యిందా మరి?"

ఓవెన్ గంట కొట్టింది. దేవుడు ఓవెన్ రూపంలో ఉన్నాడు.

అక్టోబరు 20

మధ్యాహ్నం భోజనాల వేళ మల్లేశం నన్ను శాంపిళ్ళు ఉంచే కంటైనర్‌లోకి పిలిచాడు. తలుపు మూశాడు. కిటికీ లేని ఇనుప డబ్బా అది. పట్టపగలు కూడా చెయ్యి కనపడదు.

"బయపడకుండ్రి సారూ. సూడుండ్రి."

అదే బండలో దొరికిన చిన్న ముక్కలు రెండు తెచ్చాడట. ఒకదానితో ఒకటి గట్టిగా రాశాడు. చీకట్లో, రాయి లోపల, వెలుగు. అగ్గి కాదు, నిప్పురవ్వ కాదు. పాలలో పసుపు కలిపినట్టు ఒక కాంతి రాతి నిండా పరుచుకుని, చెయ్యి ఆగగానే ఆగిపోయింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ వచ్చింది. దానికి పుస్తకంలో ఒక పేరుంది. నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. నోరు తెరవబుద్ధి కాలేదు.

"రూముల ఆరుగురం సారూ," అన్నాడు చీకట్లో నుంచి. "పటం పెట్టుకుందామంటె ఎవలన్న ఏమన్న అంటరని బుగులు. రాయినైతె ఎవలేమంటరు? పక్క మంచం దిలావర్ గూడ చేతిల వట్టుకోని సుబ్హానల్లా అన్నడు. పొద్దుగాల లేసి గా రాయిల సూస్త. ఇల్లు గనవడది, దేవుడు గనవడడు, ఏం గనవడది. గట్లనే మంచిగుంటది. ఏం లేకపోవుడు గూడ సల్లగుంటది సారూ."

నేను చెప్పిన ప్రవచనం మొత్తం కంటే ఇది నయం. ఈ పేజీలో హాస్యం లేదు. క్షమించాలి.

అక్టోబరు 24

మల్లేశం మాస్కు తీసేసి పనిచేస్తున్నాడు. అడిగితే, "నీళ్ళు తాగుతున్న గద సారూ, ఇంక గదెందుకు? ఉక్కిరిబిక్కిరైతది" అన్నాడు.

మాస్కు సంగతి నేను చెప్పలేదు. రాసిపెట్టుకుంటున్నాను: చెప్పలేదు.

అక్టోబరు 27

దగ్గు లాబ్ దాకా వినపడుతోంది. గాలి ఇటు తిరిగినట్టుంది.

అక్టోబరు 31

దీపావళి. అమ్మ వీడియోలో ప్రమిదలు చూపించింది. చిక్కిపోయావంది. ఫోను కెమెరా సన్నగా చూపిస్తుందని చెప్పాను.

నెలాఖరు కూడా. షీట్లన్నీ పూర్తి చేశా. ఆరు నిమిషాలు. నా రికార్డు నాలుగు.

నవంబరు 3

ఇవాళ మల్లేశం పై జల్లెడకు వెళ్ళే మెట్ల మధ్యలో కూలబడ్డాడు. పడిపోలేదు, కూర్చుండిపోయాడు. పైనుంచి మనిషి దిగడానికీ లేదు, కింది మనిషి ఎక్కడానికీ లేదు. పది నిమిషాలు క్రషర్ ఆగింది. పదమూడు నెలల్లో మొదటిసారి ఇక్కడ నిశ్శబ్దం విన్నాను. అందులో అతని ఊపిరి ఒక్కటే వినపడింది.

సాయంత్రం గదికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని సీసా కడుగుతున్నాడు.

"మల్లేశమన్నా, ఆ నీళ్ళతో ఏమీ కాదు. నేను ఊరికే అన్నాను. అంతా అబద్ధం."

నవ్వాడు. "మీరు బలే పరాష్కాలాడుతరు సారూ."

"పరాచికం కాదు. నిజంగా అబద్ధం."

"సూసినవా దిలావర్ భాయ్, సార్ కైసా మజాక్ కర్తా! ముద్రేసిచ్చి ఇప్పుడు అబద్దమంటడు."

దిలావర్ కూడా నవ్వాడు. ముఖం గంభీరంగా పెట్టాను. వాళ్ళింకా నవ్వారు. గంభీరమైన ముఖం నా ప్రసిద్ధ హాస్యాల్లో ఒకటి మరి. ఇన్నాళ్ళూ కష్టపడి సంపాదించుకున్న పేరు.

నవంబరు 5

24వ తేదీ రాసినదానికి సవరణ.

ప్రవచనం చివర్లో నేనన్న మాట: "ఇది నీ దగ్గరుంటే దుమ్ము కూడా పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది." చెయ్యి గాల్లో ఊపుతూ అన్నాను. మాస్కు అనే పదం వాడలేదు. ఆ లెక్కన 24వ తేదీ రాసింది నిజమే.

ఆ లెక్కన.

నవంబరు 8, శుక్రవారం

"ఇకామా రెన్యువల్‌కి ముందు ఫోటో తీయించాలంట" అని అబద్ధమాడి మల్లేశాన్ని వ్యాను ఎక్కించాను. అబద్ధం వెంటనే నమ్మాడు. మస్తాన్ వలీ అద్దంలోంచి నన్ను చూశాడు. ఉనైజాలో ఒక ప్రైవేటు క్లినిక్. డాక్టరు నమ్రత, హైదరాబాద్ ఆవిడ. తెలుగు వినపడగానే మల్లేశం ముఖం విప్పారింది. ఫోటో సంగతి మర్చిపోయాడు.

ఎక్స్-రే తీశారు. అది వచ్చేలోపు, "మందులేమైనా వాడుతున్నారా?" అని ఆవిడ అడిగింది. మల్లేశం జేబులోంచి ప్లాస్టిక్ కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

ఆవిడ చదివింది. మొత్తం చదివింది.

"ఇది ఎవరు సైన్ చేశారు?"

"నేనే మేడం."

"జోకా?"

"జోకే మేడం."

"ఓకే." నవ్వలేదు. మల్లేశాన్ని బయట కూర్చోమంది. ఎక్స్-రేని వెలుతురు పెట్టెకు తగిలించింది. రెండు ఊపిరితిత్తుల పైభాగంలో తెల్లగా, ఎవరో ఇసుక చల్లినట్టు.

"స్టోన్ డస్ట్. ఎన్నో ఏళ్ళది. స్కాన్ చేయాలి, టీబీ టెస్ట్ చేయాలి. బట్ ఇది తగ్గేది కాదు, పెరగకుండా ఆపాలంతే. ఈ రోజు నుంచే ఆయన డస్ట్‌లో ఉండకూడదు. ఉంటే, రెండు మూడేళ్ళలో మెట్లు కాదు, మంచం మీద నుంచి లేవడానికి కూడా ఊపిరి ఉండదు. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"నేను లెటర్ రాస్తాను, పని మార్చమని. కానీ కంపెనీ వాళ్ళు మా సైట్‌లో డస్ట్ లేదంటే నా లెటర్ పక్కన పడేస్తారు. మీరు లాబ్ కదా, మంత్లీ డస్ట్ రిపోర్ట్స్ ఉంటాయిగా? అవి అటాచ్ చేయండి."

"ఉన్నాయి."

"ఏముంది వాటిలో?"

దుమ్ము కొలిచే మిషను నేను రాకముందే చచ్చిపోయింది. దాని పేరు మీద నెలనెలా ఒక షీటు. నిరుడు మొదటి నెలలో అడిగాను, "పాతవి చూసి నింపు" అన్నారు. నింపాను. ఎంతలో నింపానో ఈ డైరీలోనే గర్వంగా రాసుకున్నాను.

"సంతృప్తికరం," అన్నాను.

ఆవిడ టేబుల్ మీది ప్లాస్టిక్ కాగితం వైపు చూసింది. అదే సంతకం, అదే ముద్ర, అదే మాట.

"అదీ జోకేనా?"

నవంబరు 9

పనికి వెళ్ళాను. పని చేయలేదు. పై జల్లెడ దగ్గర మల్లేశం ఉన్నాడు.

నవంబరు 10

డాక్టరు ఉత్తరం ముదీర్ టేబుల్ మీద పెట్టాను. మేనేజరుని ఇక్కడ అలాగే అంటారు. చదివి, ఫైలు తెప్పించి, నా పదమూడు షీట్లు వరసగా పరిచాడు.

"నువ్వు రాసిన దాని ప్రకారం అక్కడి గాలి ఖర్జూర తోటలో గాలి కంటే శుభ్రం. అతన్ని ఎందుకు మార్చాలి?"

నాతో వాదించి గెలిచినవాళ్ళని చాలామందిని చూశాను. నా కాగితాలతోనే గెలిచినవాణ్ణి ఇప్పుడే చూడటం.

మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు నీడలో మల్లేశానికి అంతా చెప్పాను. ఎక్స్-రే సంగతి, డాక్టరు మాట, ఆ తర్వాత షీట్లు. జోకులు లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు, అందుకని చాలాసేపు పట్టింది.

"అంటె," అన్నాడు, "పై జల్లెడ కాడ దుమ్ము లేదని నెలనెల రాసినవా?"

"రాశాను."

"ఒక్కనాడన్న పైకెక్కి సూసినవా?"

"లేదు."

"ముప్పై నాలుగు మెట్లు."

సారూ అనలేదు. నేను ఆ పిలుపు కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

"నీళ్ళ ముచ్చట నవ్వులాట, తేజా. సగం నమ్మిన, సగం నమ్మలే. సల్లగున్నయి, తాగిన. నువ్వు మొన్న అబద్దమన్నప్పుడు సుత, నా పానం దవఖానకు పోవద్దన్నది గాబట్టె నవ్విన. దగ్గినోన్ని ఇంటికి తోల్తరు. పంతొమ్మిదేండ్ల సంది ఇంట్ల నేను చుట్టాన్నే. గా తప్పు నాది. గని ఇది గట్ల గాదు. ఇది మా అందరి ముక్కుల సంగతి."

సీసాలోంచి తీసి మెడలో దారానికి కట్టుకున్న స్ఫటికం చొక్కా మీదికి వచ్చి ఉంది. ఏదో ఒకటి అనాలని, "దాన్ని తీసి పారేయవా మరి?" అన్నాను.

"రాయేం జేసింది? నీ లెక్క సంతకం వెట్టిందా?"

నవంబరు 14

మస్తాన్ వలీ, నేను ఉనైజాలో ఇంకో సైటు లాబ్‌కి వెళ్ళి దుమ్ము కొలిచే మిషను అడుక్కొచ్చాం. "ఒక్క రోజుకి" అన్నారు. "ఒక్క రోజు చాలు, మా సామి పదమూడు నెలల పని ఒక్క రోజులో చేస్తాడు," అన్నాడు వలీ.

మిషను నడుముకు కట్టుకుని ముప్పై నాలుగు మెట్లు ఎక్కాను. మల్లేశం పక్కన ఎనిమిది గంటలు నిలబడ్డాను. ఇద్దరికీ మాస్కులు. మాట్లాడినా వినపడదు. జల్లెడ ఊగుతుంటే కాళ్ళ కింద ఇనుము ఊగుతుంది, పళ్ళు ఊగుతాయి. తెల్లటి పొగ లేచి, మన మీదుగా పోయి, మళ్ళీ లేస్తుంది. రెండో గంటకు నా చేతుల మీద వెంట్రుకలు నెరిశాయి. మల్లేశం ఇక్కడ పంతొమ్మిదేళ్ళు.

కిందికి దిగాక వడపోత కాగితాన్ని భూతద్దం కింద పెట్టాను. బూడిద కనపడుతుందనుకున్నాను. ప్రతి నలుసూ తేటగా ఉంది. అంచులు పదునుగా, మచ్చ లేకుండా. మల్లేశం మెడలో ఉన్నదే, కంటికి ఆననంత చిన్నదై. అందంగా ఉంది. అలా రాయాలని లేదు గానీ, ఉంది.

మిషను చూపించిన అంకె ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు.

నవంబరు 18

కొత్త రిపోర్టు ఇచ్చాను. పాత షీట్లు పదమూడింటి మీదా అడ్డంగా "కొలవలేదు" అని రాసి, ఒక్కోదాని కిందా సంతకం పెట్టాను. ఆరు నిమిషాల్లో అవలేదు.

ముదీర్ కాగితాలు ఒక్కొక్కటిగా తిప్పాడు. "దీనివల్ల నీకేమవుతుందో తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. చెయ్యి చాపాడు. ముద్ర తీసి ఆ చేతిలో పెట్టాను. కొత్త మనిషి వచ్చేదాకా లాబ్ చూసుకోవాలి, ఆ తర్వాత నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం రద్దు, ఇంటిదారి. తిట్టలేదు. తిడితే కొంచెం నిద్ర పట్టేది.

మల్లేశానికి రేపటి నుంచి గేటు దగ్గర డ్యూటీ. లారీలకు అడ్డకర్ర ఎత్తడం, దించడం. క్రషర్‌కు అరకిలోమీటరు దూరం. గాలికి ఎగువన. స్కాన్‌కు తేదీ కూడా ఇచ్చారు.

నవంబరు 21

పై జల్లెడ దగ్గరికి పీరయ్యను పంపారు. వచ్చి రెండు నెలలు కాలేదు, మెట్‌పల్లి వాడు, నా ఈడే. పై జల్లెడ మీద నీళ్ళు చల్లే పైపులు పెడతారట. ఎప్పుడు అంటే, ఇన్షాల్లా.

పొద్దున గేటు దగ్గర పీరయ్యను ఆపి మాస్కు చేతిలో పెట్టాను. దుమ్ము సంగతి చెప్పాను, ఎక్స్-రే సంగతి చెప్పాను. వాడు పళ్ళికిలించాడు.

"సారూ, మీ ముచ్చట్లు క్యాంపంత ఎరుకే. మల్లేశం కాకకు రాసిచ్చినట్టు నాగ్గూడ ఓ కాయిదం రాసియ్యరాదుండ్రి, ముద్రేసి!"

"ముద్ర లేదు పీరయ్యా. నిజం చెబుతున్నాను."

"అగో, మల్ల మొకం గట్ల వెడుతడు!" అని ఇంకా నవ్వాడు. మాస్కు మడిచి వెనక జేబులో పెట్టుకున్నాడు.

మల్లేశం కుర్చీలోంచి లేచాడు. అడ్డకర్రను అలాగే దించి ఉంచి, చొక్కా గుండీలు విప్పుకుంటూ వచ్చాడు. వెనకాల సిమెంటు లారీ హారన్ కొడుతోంది. పట్టించుకోలేదు. పీరయ్య ముందు నిలబడి వీపు తిప్పాడు.

"చెవి వెట్టు."

"ఏంది కాకా?"

"సారు మాట నమ్మకు. గీడ చెవి వెట్టి ఇను."

పీరయ్య నవ్వుతూనే వంగి, మల్లేశం వీపుకి చెవి ఆనించాడు. మల్లేశం నోరు తెరిచి గాలి పీల్చాడు. వదిలాడు. ఇంకోసారి పీల్చాడు. పీరయ్య నవ్వు ఒక్కసారిగా పోలేదు. ముందు కళ్ళలో పోయింది, తర్వాత నోట్లో. లేచి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, వెనక జేబులోంచి మాస్కు తీసి ముక్కు మీదికి లాక్కున్నాడు. రెండు దారాలూ గట్టిగా ముడివేసుకుని క్రషర్ వైపు వెళ్ళిపోయాడు.

లారీవాడు ఇంకా హారన్ కొడుతున్నాడు. మల్లేశం చొక్కా వేసుకోలేదు. అలాగే వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

"మీరు గూడ ఇనుండ్రి సారూ," అన్నాడు.

చెవి పెట్టాను.